నూట నలభయ్యో అడుగు

సీలు వేసే ముందు ఇంట్లో సామాను బయట పెట్టాలట. అది రూలు. కమిషన్ ఆఫీసరు ఆ మాట ఎంత మర్యాదగా చెప్పాడంటే, దూరం నుంచి విన్నవాళ్ళు చుట్టాల సామాను బండిలోంచి దించుతున్నాడనుకుంటారు. ఇద్దరు కంపెనీ మనుషులు లోపలికి వెళ్ళి మంచం తెచ్చి వీధిలో పడేశారు. వెనకాలే రెండు ట్రంకుపెట్టెలు, నీళ్ళ డ్రమ్ము, గోడ గడియారం, పొయ్యి మీద నుంచి దించిన అన్నం గిన్నె వచ్చాయి. గిన్నెలోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంది. ఆఖర్న ఒక ముసలాయన్ని చక్రాల కుర్చీతో సహా మోసుకొచ్చి మంచం పక్కన ఎండలో దించారు. ఆయనకి కాళ్ళు పడిపోయి చాలా ఏళ్ళయింది. సామానంతా ఒకసారి కలయజూసి, "గడియారం బోర్లా పెట్టారు, ఆగిపోతుంది" అన్నాడు, అంతే.

ఆయన కొడుకు కంపెనీలో లోడింగ్ పని చేస్తాడు. ఎవరో కబురు చెబితే డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చాడు. భార్య గిన్నె మీదికి మూత వెతుకుతోంది. ఇంతలో ఆఫీసరు కాగితం చూపించాడు.

"అసలు హక్కుదారులు తిరిగొచ్చారు. ఇల్లు గుర్తుపట్టారు. మధ్యలో నేనేం చెయ్యను?" అని మా వైపు చెయ్యి చూపించాడు.

మేం ముగ్గురం. మా అమ్మ, నేను, నా కూతురు. తాళం మా చేతికిస్తారని పొద్దున్నే స్నానాలు చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చాం. లోడింగ్ అతను తిట్టలేదు. మా ముగ్గుర్నీ తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆ చూపుకి ఒంటి మీద బట్టలు విప్పి పారేద్దామనిపించింది నాకు.

ఆఫీసరు తలుపు మూసి తాళం వేశాడు. తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ముద్ర నొక్కాడు. తాళంచెవి తన బ్యాగులో వేసుకున్నాడు.

"మరి మాకు?" అన్నాను.

"విచారణ అయ్యాక."

"ఎప్పుడవుతుంది?"

"అది నా సెక్షన్ కాదమ్మా."

ఆ విధంగా ఒకే గుమ్మం ముందు రెండు కుటుంబాలు వీధిలో నిలబడ్డాయి. గెంటించుకున్నవాళ్ళొకరు, లోపలికి పోలేనివాళ్ళొకరు. ఆ తలుపు చూపించింది మా అమ్మే.

ఇది చదువుకునే పిల్లలకీ, పని చేసి బతికేవాళ్ళకీ చెప్పాల్సిన కథ. కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. వెనక్కి నడవడం మాకు కొత్తేమీ కాదు, అదే మా కులవృత్తి అనుకోండి.

మావాళ్ళు ఈ కంపెనీలోనే ఓడలకి మోకులు పేనేవాళ్ళు. పొడుగాటి షెడ్డు, దాని మొదట్లో ఒక రాతి స్తంభం, స్తంభానికి చక్రం. ఒకరు చక్రం తిప్పుతారు. పేనే మనిషి నడుముకి నార చుట్టుకుని, కొస చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ళ మధ్య నుంచి కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి నడుస్తుంది. మొహం ఎప్పుడూ చక్రం వైపే. వెనుదిరిగితే చెయ్యి సడలుతుంది. చెయ్యి సడలితే పురి విప్పుకుపోతుంది. పొద్దున్నించీ పడ్డ కష్టమంతా పీచు.

షెడ్డు పొడుగునా, దాని పక్కనే, లైను ఇళ్ళు. వాటికి నంబర్లుండేవి కాదు. రాతి స్తంభం నుంచి ఎన్ని అడుగుల్లో వస్తుందో అదే ఇంటి పేరు. అరవై వాళ్ళు, తొంభై వాళ్ళు, నూట పది వాళ్ళు. మేం నూట నలభై వాళ్ళం. మా అమ్మని ఊరంతా నూటనలభై అత్త అనేది. పరాయి దేశంలో ముప్ఫై అయిదేళ్ళున్నా ఆ పేరు ఆమెని వదల్లేదు.

నాకు ఆరేళ్ళప్పుడు సమ్మె జరిగింది. గేటు ముందు కాల్పులు జరిగాయి. చచ్చిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళ పేర్లతో ఒక జాబితా వేసి, వీళ్ళు దేశానికి శత్రువులు అన్నారు. మోకులు పేనుకునేవాళ్ళు దేశాన్ని ఏం చేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. సముద్రం దాటి పోయాం. మా నాన్న అవతలి ఒడ్డునే, రేవు పక్కన రేకుల షెడ్డులో, దగ్గి దగ్గి పోయాడు. ఈ మధ్య ఇక్కడ ప్రభుత్వం మారింది. క్షమాభిక్ష పెడుతున్నాం, మీ ఇళ్ళు మీకిప్పించడానికి కమిషన్ వేశాం, రండి అన్నారు. ఎవరు ఎవర్ని క్షమించాలో అడిగే ఓపిక ఎవరికీ లేదు. నలభై కుటుంబాలం ఓడెక్కాం.

మా అమ్మకి ఇల్లంటే ఆ నూట నలభై అడుగులు. అందులో చచ్చిపోవాలి. అంతకుమించి కోరికే లేదామెకి. నా కూతురుంది చూశారూ, పందొమ్మిదేళ్ళది, అది ఆ రేకుల షెడ్డులోనే పుట్టింది, అక్కడే బడికి పోయింది, అక్కడే దాని స్నేహితులు. వచ్చిన మూడో రోజు, "అమ్మా, ఇంటికెప్పుడు పోదాం?" అంది మామూలుగా. పాత గోదాములో మంచాలు వేసి మమ్మల్ని ఉంచారు. మంచం మీద కూర్చున్న మా అమ్మ ఆ మాట విని, ఆ రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నా సంగతి అడక్కండి. అవతల మమ్మల్ని ఇవతలివాళ్ళు అన్నారు. ఇక్కడికొస్తే వచ్చినవాళ్ళు అంటున్నారు. మా అమ్మకి చూపించుకోవడానికి ఒక ఇల్లుంది, నా కూతురికి బెంగ పెట్టుకోవడానికి ఒక ఇల్లుంది. నాకున్నది కుట్టుమిషను. దాన్ని ఎక్కడ దించితే అక్కడ కూర్చుని కుడతాను. గోదాములో పగలంతా నలుగురి బట్టలు కుడుతూ, నలుగురి మాటలు వింటూ, నాకేదైనా గుర్తొస్తుందేమోనని చూసేదాన్ని. అంత ఒంటరితనం రేకుల షెడ్డులో కూడా ఎరగను.

ఆఫీసువాళ్ళు ఇల్లు గుర్తుపట్టమన్న రోజున మావాళ్ళంతా తెల్లబోయారు. షెడ్డు సగం కూలిపోయింది. ఇళ్ళకి కొత్త తలుపులు, కొత్త రంగులు, ముందుకి జరిపిన వసారాలు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఏదీ మనది కానట్టుంది. రాతి స్తంభం మాత్రం అలాగే ఉంది, తుప్పు పట్టిన చక్రంతో సహా.

"మీకెందుకర్రా కంగారు, నేను లేనూ?" అంది మా అమ్మ.

స్తంభానికి వీపు తాకించి కాదు, మొహం పెట్టి నిలబడింది. రెండు చేతులూ నార పట్టుకున్నట్టు నడుము దగ్గర పెట్టుకుంది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ వెనక్కి నడిచింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, తడబాటు లేదు, ఒక్కసారీ వెనక్కి చూడలేదు. మావాళ్ళంతా ఆమె ఎదురుగా నడుస్తూ, ఆమెతో పాటే పైకి లెక్కపెట్టారు. నూట నలభై దగ్గర ఆగి, పక్కకి చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆనిన తలుపే ఆఫీసరు రాసుకున్నాడు. మిగతావాళ్ళు కూడా అదే వరసలో, అత్త ఇంటికి అటు మూడోది మాది, ఇటు అయిదోది మాది అని రాయించుకున్నారు. అలా నలభై అర్జీలు ఒక్క ముసలిదాని అడుగుల మీద నిలబడ్డాయి.

ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. నలభై ఏళ్ళ మనిషి అడుగూ, డెబ్బై అయిదేళ్ళ మనిషి అడుగూ ఒకటి కావు. గజం బద్ద పెట్టి బతికే దాన్ని, నాకైనా తట్టాలి కదా? ఇంకెవరైనా అయితే టేపు పెట్టి కొలిచేవాళ్ళు, పాత మ్యాపు అడిగేవాళ్ళు. మేం మోకులవాళ్ళం, అడుగు అబద్ధమాడుతుందని మాకు తెలీదు.

సీలు వేసిన రోజుకి వస్తాను. ఆఫీసరు వెళ్ళిపోయాడు. మేం ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాం. నా కూతురు ఒక్కతే కదిలింది. మంచి బట్టలతోనే మట్టిలో కూర్చుని, దుప్పటి పరిచి, బరువైనవి అడుగున, పగిలేవి మధ్యలో పెట్టి, నాలుగు చెంగులూ లాగి మూట కట్టడం మొదలెట్టింది.

"నువ్వు ముట్టుకోకు" అంది లోడింగ్ అతని భార్య.

"నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే పిన్నీ" అంది నా కూతురు. "మా షెడ్డు మూడుసార్లు ఖాళీ చేయించారు."

కొంచెంసేపటికి ఆవిడే గడియారం తెచ్చి మూట మధ్యలో పెట్టమని అందించింది.

ఆరిళ్ళ అవతల్నుంచి ఒకావిడ వచ్చింది. కంపెనీలో ప్యాకింగ్ పని, నా వయసే, అందరూ ప్యాకింగ్ అక్క అంటారు. "తాతని మా ఇంటికి తీసుకురండి, ఎండలో పెట్టి చూస్తారేంటి?" అని గదమాయించి కుర్చీ తనే తోసుకుంటూ బయల్దేరింది. నా కూతురు ట్రంకుపెట్టె ఒక చివర పట్టుకుని వాళ్ళ వెంట పోయింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"అమ్మా, నువ్వొక్కదానివే రా" అంది.

ప్యాకింగ్ అక్క ఇంట్లో గుమ్మం పక్కన, లోపలి గోడ మీద, తల ఎత్తున, నల్లగా ఒక అరచెయ్యి ముద్ర. ఉంగరం వేలు సగం దాకానే ఉంది.

నేను పుట్టిన రోజు మా నాన్న మోకులకి తారు పట్టించే తొట్టి దగ్గర్నుంచి అలాగే పరిగెత్తుకొచ్చి, గోడకి చెయ్యి ఆనించి నన్ను చూశాడట. ఆ వేలు అంతకుముందే చక్రంలో పోయింది. ఈ కథ మా ఇంట్లో అన్నంతో పాటు పెట్టేవాళ్ళు. నా కూతురికి తాత మొహం తెలీదు కానీ ఆ చెయ్యి తెలుసు. నాకూ ఒకటి గుర్తుంది. దాన్ని అందుకోవాలని గోడ దగ్గర ఎగిరేదాన్ని, అందేది కాదు.

"అదా?" అంది ప్యాకింగ్ అక్క మా చూపు చూసి. "ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకొస్తుందండీ. నేనూ మానేశాను. మా పిల్లలు ఎగిరెగిరి దాన్ని అందుకునేవాళ్ళు. పెద్దవాడికి అందిన రోజున వీధంతా చెప్పుకొచ్చాడు."

నేను చెయ్యి పెట్టాను. ఎగరక్కర్లేదు, హాయిగా అందింది. ఏదో అవుతుందనుకున్నాను. ముప్ఫై అయిదేళ్ళు ఎదురు చూశాక ఏదైనా అవ్వాలి కదా? గోడ చల్లగా ఉంది, అంతే. వెనక ఆ ఇంటి కుక్కరు కూత పెట్టింది. మూలన తాత కుర్చీ సర్దుతున్నారు. అది ప్యాకింగ్ అక్క ఇల్లు.

ఆవిడకి అప్పుడర్థమైంది. చెయ్యి చూసింది, నన్ను చూసింది. "అంటే మీది ఆ ఇల్లు కాదా? ఇదా?" అంది. "ఇప్పుడు మమ్మల్ని కూడా..." అని ఆపేసింది.

జవాబు చెప్పకుండా బయటికొచ్చేశాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

గోదాముకి వచ్చి అమ్మకి చెప్పాం. ఆమె తన పాదాల వైపు చూసుకుంది.

"వేలు సగమే ఉందా?"

"ఉంది అమ్మమ్మా. నేను చూశాను" అంది నా కూతురు.

"అయితే నా కాళ్ళు నన్ను మోసం చేశాయన్నమాట" అంది. "ఆ కుర్చీ ఆయన మధ్యాహ్నం అన్నం తిన్నాడా?" అనడిగింది.

కబురు గోదామంతా పాకింది. ముందొచ్చింది గేటు మామ. ఆనాటి సమ్మెలో గేటు దగ్గర జెండా పట్టుకున్న మనిషి. తుపాకి గుండు ఇంకా భుజంలోనే ఉంది. మా అమ్మని అక్కా అంటాడు.

"దీనికింత రభస దేనికక్కా? అర్జీ దిద్దించుకో. ఆరిళ్ళు అవతలికి జరుపు. అది నీ ఇల్లు. చెయ్యే సాక్ష్యం."

"అందులో ఉన్నావిడో?"

"ఉన్నావిడ ఎవరు? మన కడుపు కొట్టి వచ్చినవాళ్ళ కూతురు. మనవాళ్ళ నెత్తురు ఆరకముందే వాళ్ళు చక్రం తిప్పారు. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరింకేం?"

అప్పటిదాకా నా కూతురు అర్జీ ఫారం నకలు పట్టుకుని మూలన కూర్చుని చదువుతోంది. మేం ఆ ఫారం మీద వేలిముద్రలు వేశామే గాని చదివినవాళ్ళెవరు? లేచి నిలబడింది.

"తాతా, ఇది విను. పదకొండో నిబంధన. విచారణ ముగిసేవరకు ఇల్లు సీలు చేసి కంపెనీ అధీనంలో ఉంచబడును. విచారణకి గడువు రాయలేదు. పన్నెండోది విను. అర్జీ తప్పని తేలితే క్షమాభిక్ష రద్దు. మనం నలభై అర్జీలు పెట్టాం. అంటే నలభై ఇళ్ళు సీలు. వాళ్ళూ ఉండరు, మనమూ ఉండం."

"మరి ఎవరుంటారే?" అన్నాడు గేటు మామ.

"గోడౌన్లు" అని గుమ్మం దగ్గర్నుంచి ఎవరో అన్నారు. ప్యాకింగ్ అక్క. ఎప్పుడొచ్చిందో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "ఆఫీసులో బొమ్మ గీసి గోడకి అంటించారు. లైను ఉన్న చోట గోడౌన్లు. మమ్మల్ని ఊరికే పొమ్మంటే గొడవ చేస్తామని, మీ చేత పొమ్మనిపిస్తున్నారు."

ఈసారి మేం కంపెనీ చేతిలో పనిముట్టయ్యాం. ముప్ఫై అయిదేళ్ళ కిందట వీళ్ళ నాన్నల్ని తెచ్చి మమ్మల్ని వెళ్ళగొట్టారు. ఇప్పుడు మమ్మల్ని తెచ్చి వీళ్ళని. మా వేలిముద్రలే వాళ్ళకి లాఠీలు.

సెలవురోజు మధ్యాహ్నం కూలిన షెడ్డులో మీటింగు పెట్టాం. ఒక పక్క లైనువాళ్ళు, ఒక పక్క మేం. మధ్యలో ఎవరూ అడుగు పెట్టని జాగా. మొదటి గంటసేపు అరుపులే.

"మీ వాళ్ళు సమ్మె విరిచారు!"

"మీరు అర్జీలు పెట్టి పిల్లల్ని వీధిలో పడేశారు!"

"ముందు ఎవరు మొదలెట్టారు?"

"ముప్ఫై అయిదేళ్ళు ఆ గోడలకి సున్నం కొట్టింది ఎవరు?"

లోడింగ్ అతను తండ్రి కుర్చీని తోసుకుంటూ వచ్చి ఆ ఖాళీ జాగాలో పెట్టాడు. అరుపులు తగ్గాయి. ముసలాయన గేటు మామ వైపు చూశాడు.

"నువ్వు జెండా పట్టుకున్నవాడివి కదూ? లారీ గుడ్డ సందులోంచి చూశాను నిన్ను."

"చూసి కూడా లోపలికి పోయావు" అన్నాడు గేటు మామ.

"పోయాను. కరువులో ఉన్నాం. పనుంది రమ్మన్నారు. సమ్మె అని ఎవడూ చెప్పలేదు. లారీకి గుడ్డ కప్పి వెనక గేటు నుంచి తీసుకెళ్ళారు. లోపల, గేటు దగ్గర, నేల కడిగి ఉంది, తడిగా. వాన పడిందేమో అనుకున్నాను. బయట చూస్తే దుమ్ము లేస్తోంది." ఆయన మావాళ్ళందరి వైపూ తిరిగాడు. "అప్పుడర్థమైంది. అయినా పని చేశాను. చేశాను కాబట్టే చెప్తున్నాను. మీరు ఆ పని చెయ్యకండి."

గేటు మామ భుజం మీద చెయ్యి వేసుకుని, గుండు ఉన్న చోట రుద్దుకుంటూ కూర్చుండిపోయాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఆమె ఎన్నడూ మీటింగుల్లో మాట్లాడి ఎరగదు.

"నేను తప్పు తలుపు చూపించాను" అంది. "నా తలుపు వేరే ఉంది. ఆ అమ్మాయి ఇల్లు. దాన్ని చూపిస్తే రేపు ఆ అమ్మాయి సామాను వీధిలో ఉంటుంది. మా ఆయన చెయ్యి ముద్ర మీద లక్క ముద్ర పడుతుంది. ఇల్లు ఇల్లు అని ఇన్నేళ్ళు పలవరించాను, నిజమే. ఎవర్నో ఏడిపించి అందులో పడుకుంటే నిద్రెలా పడుతుంది? నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధమని నేనే రాసిస్తాను."

"అక్కా, నిన్ను లోపలేస్తారు. ఓడెక్కించి పంపేస్తారు" అన్నాడు గేటు మామ.

"వేస్తే వెయ్యనీ. అటువైపు మీ బావ సమాధి ఉంది. ఇటువైపు చెయ్యి ఉంది. ఎటు పంపినా ఆయన దగ్గరికే."

కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇంతమంది మధ్య నిలబడి మా అమ్మ నన్ను వదిలేసి వెళ్ళిపోతోందని, ఆరేళ్ళ పిల్లకి వచ్చేలాంటి కోపం. ఆ మాట అనలేదు గాని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రానికి నలభై అర్జీలూ వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితాలు తయారయ్యాయి. ఆఖరిది గేటు మామది. అందరం కలిసి ఇంకో కాగితం రాశాం. లైనులో ఉన్నవాళ్ళెవరూ కదలరు, వచ్చినవాళ్ళకి షెడ్డు జాగాలో ఇళ్ళు కట్టాలి, సీలు వేసిన ఇల్లు తెరవాలి. కింద లైనువాళ్ళవీ మావీ వేలిముద్రలు కలిపి వేశాం, ఏది ఎవరిదో విడదీయడం ఆఫీసరు తరం కాదు.

మర్నాటి నుంచి రెండు రోజులు షెడ్డులో పండగలా ఉంది. ప్యాకింగ్ అక్క వాళ్ళు పాత గోనెసంచులు తెచ్చారు. పిల్లలు వాటిని విప్పి నార తీశారు. గేటు మామ చక్రానికి నూనె పోశాడు. ఇప్పుడు కంపెనీలో మోకులన్నీ ప్లాస్టిక్కువి, మిషన్లవి. చేత్తో పేనడం లైనులో ఎవరికీ రాదు. మా అమ్మ నేర్పింది. "వెనక్కి చూడకురా, నీ వెనక ఏముందో నీకు తెలియక్కర్లేదు, చక్రం వైపు చూడు" అని లోడింగ్ అతన్ని అందరి ముందూ చివాట్లు పెట్టింది. అంత పెద్ద మనిషీ, "అలాగే అత్తా" అని తలొంచుకున్నాడు. పేనిన పాయలు మూడేసి కలిపి మోకు చేశాం. ఆ మోకుని ప్రతి ఇంటి గుమ్మానికీ ఉన్న ఇనప రింగులోంచి దూర్చి, ఈ చివర రాతి స్తంభానికి కట్టాం. ఇక ఒక తలుపు మూయాలంటే మోకు కొయ్యాలి. మోకు కొస్తే లైనంతా కదులుతుంది.

మూడో రోజు పొద్దున్న పోలీసు వ్యాను వచ్చింది. ఆఫీసరు లైనంతా ఒకసారి చూశాడు. ప్రతి గుమ్మంలో ఇద్దరు ముగ్గురు మోకు పట్టుకుని నిలబడ్డారు. అందులో ఎవరు పాతవాళ్ళో ఎవరు కొత్తవాళ్ళో అతనికి తెలీదు. లక్క తీసిన చెయ్యి మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నాడు.

"సరే, ఇవాళ సీళ్ళు వెయ్యను. కానీ తప్పుడు అర్జీ ఒకటి వేలిముద్రతో సహా నా దగ్గరుంది" అన్నాడు.

మా అమ్మ అప్పటికి చక్రం దగ్గర నిలబడి ఉంది. నడుముకి నార చుట్టుకుని, కొస కొక్కేనికి తగిలించి, కొత్త పాయ మొదలెట్టబోతోంది. చక్రం పిడి నా కూతురి చేతిలో ఉంది. వ్యాను లైను రెండో చివర రోడ్డు మీద ఆగి ఉంది. ఇరుకు వీధి, లోపలికి రాదు.

"నడువు ముసలమ్మా" అన్నాడు పోలీసు.

"నడుస్తాను. నన్ను ముట్టుకోకు. తిప్పవే" అంది మనవరాలితో.

చక్రం తిరిగింది. మా అమ్మ వెనక్కి అడుగేసింది. ఒకటి, రెండు. వేళ్ళ మధ్య నుంచి పాయ సాగుతోంది. పోలీసులిద్దరూ అటూ ఇటూ ఏం చెయ్యాలో తెలీనట్టు నడిచారు. నేను ఆమె ఎదురుగా, ఆమె మొహం చూస్తూ, నడిచాను. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు ఆమెతో పాటు లెక్కపెట్టారు. నూట నలభై దగ్గర సీలు వేసిన తలుపు వచ్చింది. దాని ముందు కుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గడియారం పెట్టుకుని. చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అమ్మ చేతులు ఖాళీగా లేవు, తల ఊపింది.

నూట ఎనభై. నూట ఎనభై అయిదు. నాకు తెలుస్తోంది, ఆమెకి తెలియడం లేదు. వెనక్కి నడిచేవాళ్ళకి ఇల్లు దాటాకే కనిపిస్తుంది. నూట ఎనభై ఎనిమిది దగ్గర ప్యాకింగ్ అక్క తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. అమ్మ దాన్ని దాటింది. దాటాక కళ్ళెత్తింది. లోపల గోడ మీద ఎండ పడి, నల్లటి చెయ్యి స్పష్టంగా కనిపిస్తోంది.

ఆమె పెదవుల మీద లెక్క ఆగింది. వేళ్ళు మాత్రం ఆగలేదు, అడుగూ ఆగలేదు. లైనంతా ఆ రెండంకెలూ ఆమె బదులు లెక్కపెట్టింది. నూట తొంభై ఒకటి నుంచి మళ్ళీ తనే అందుకుంది.

రెండు వందల ముప్ఫై ఒకటి దగ్గర వ్యాను. నడుముకున్న నార విప్పి నా నడుముకి చుట్టింది. పాయ కొస నా వేళ్ళలో పెట్టి, నా వేళ్ళు మూసింది.

"సడలనివ్వకు" అంది. వ్యానెక్కింది. తలుపు మూసుకుంది.

వ్యాను కదిలిపోయింది. నేను రోడ్డు మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. నా చేతిలోంచి ఆ పాయ గాలిలో సన్నగా, బిగిసి, లైను పొడుగునా చక్రం దాకా ఉంది. చెయ్యి వదిలితే పీచు. నన్ను ఈ ఇళ్ళలో ఏదీ గుర్తుపట్టదు, నేనూ దేన్నీ గుర్తుపట్టను. కానీ ఆ చివర్నుంచి పురి వచ్చి నా వేళ్ళకి తగులుతోంది. అది నా కూతురి చెయ్యి అని తెలుస్తోంది.

"అమ్మా! తిప్పనా, ఆపనా?" అని అరిచింది ఆ చివర్నుంచి.

పోలీస్ స్టేషను ఆ రోడ్డు మీదే ఉంది, నా వీపు వైపు. ఎన్ని అడుగులో నాకు తెలీదు.

"తిప్పు!" అని అరిచాను.

రెండు వందల ముప్ఫై రెండు అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా. వెనక్కి అడుగేశాను. గుమ్మాల్లోంచి జనం దిగి, నా ఎదురుగా, నన్ను చూస్తూ, నడవడం మొదలెట్టారు. ముందు ప్యాకింగ్ అక్క ఉంది, ఆమె పక్కన గేటు మామ ముసలాయన కుర్చీ తోస్తున్నాడు. రెండు వందల ముప్ఫై మూడు అన్నారు వాళ్ళంతా. నడుముకున్న నార అయిపోవస్తోందని చూసి లోడింగ్ అతను ఇంకో కట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.